గొప్ప జట్టు ఏదంటే దేశం పేరు కాదు, ఏడాది చెప్పు

“అన్నా, న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. సోమవారం వచ్చిందంటే టీ రూమ్‌లో రగ్బీ గొడవే. ‘అన్ని కాలాల్లోకీ గొప్ప జట్టు ఏది?’ అని మొదలుపెట్టి నన్నూ అడుగుతారు. నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలియదు. గూగుల్ చూసి చెప్పేయనా, తెలియదని ఊరుకోనా?”

తమ్ముడూ, రెండూ వద్దు. గూగుల్ చూస్తే వరల్డ్ కప్పుల లెక్క దొరుకుతుంది. దక్షిణాఫ్రికాకు 4, న్యూజిలాండ్‌కు 3, ఆస్ట్రేలియాకు 2, ఇంగ్లండ్‌కు 1. ఈ లెక్క అక్కడ కూర్చున్న ప్రతివాళ్లకీ నోటికి వచ్చు. అది చెప్పి “అయితే దక్షిణాఫ్రికాయే” అన్నావంటే మాట అక్కడితో తెగిపోతుంది. మన ఇళ్లలో ఎన్టీఆరా, ఏఎన్నారా అన్న వాదన ఎన్ని శతదినోత్సవాలు లెక్కపెట్టినా తేలిందా? ఎవరు ఏ సినిమా ఎవరి పక్కన కూర్చుని చూశారో చెప్పుకోవడానికే ఆ వాదన. ఇదీ అంతే.

అందుకే దేశం పేరు చెప్పకు, ఏడాది చెప్పు. ఎందుకో నా అనుభవం మీద చెబుతాను.

నేను ఆక్లాండ్ వచ్చిన మరుసటి ఏడు, 2007 అక్టోబర్‌లో, వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్లో ఆల్ బ్లాక్స్, అంటే న్యూజిలాండ్ జట్టు, ఫ్రాన్స్ చేతిలో 20-18తో ఓడిపోయారు. సోమవారం ఆఫీసుకు వెళితే చావింటికి వెళ్లినట్టుంది. కెటిల్ మరుగుతున్న చప్పుడు తప్ప మాట లేదు. ఓదార్పుగా “పోనీలెండి, ఆటే కదా” అన్నాను. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే పెద్దాయన కప్పు కడిగి, బోర్లించి, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ఆయనే వచ్చి కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. రగ్బీలో బంతిని చేత్తో ముందుకు వేయకూడదు, పక్కకో వెనక్కో వేయాలి. బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు. ఫ్రాన్స్‌ను గెలిపించిన ట్రైకి ముందు పాస్ ముందుకు వెళ్లింది, రెఫరీ చూడలేదు. ఈ ఒక్క నియమం నాకు అలా వచ్చింది. ఇప్పటికీ ఇక్కడ 2007 అంటే చాలు, ఆ పాస్ గురించే మాట్లాడతారు.

ఆ దెబ్బ తెలిస్తేనే తర్వాతి జట్టు ఏమిటో అర్థమవుతుంది. ఆ రోజు కెప్టెన్ రిచీ మెక్‌కా. 2011లో ఆక్లాండ్ ఈడెన్ పార్క్‌లో అదే ఫ్రాన్స్‌ను 8-7తో ఓడించి కప్పు ఎత్తిందీ అతనే, 2015లో మళ్లీ ఎత్తిందీ అతనే. కప్పును వరసగా రెండుసార్లు గెలిచిన మొదటి జట్టు అది. అందుకే నన్నడిగితే 2013 నుంచి 2015 దాకా ఆడిన ఆల్ బ్లాక్సే అన్నిటికన్నా గొప్ప జట్టు.

అందులోనూ ఒక్క మ్యాచ్ ఎంచుకోమంటే కప్పు ఫైనల్ కాదు, 2013 నవంబర్‌లో డబ్లిన్‌లో ఐర్లాండ్‌తో ఆడింది. అప్పటికి ఆ ఏడాది 13 ఆడి 13 గెలిచారు. ఐర్లాండ్ అంతవరకూ వాళ్లను ఒక్కసారీ ఓడించలేదు. ఆ రోజు మాత్రం మొదట్లోనే 19-0తో ముందుంది. ఆఖర్లో స్కోరు 22-17, 80 నిమిషాలు అయిపోయాయి. రగ్బీలో టైమ్ అయినా బంతి ఆగేదాకా ఆట ఆగదు. ఆల్ బ్లాక్స్ బంతిని చేజారనీయకుండా తమ సగంలోంచి చేతులు మారుస్తూ మారుస్తూ వెళ్లి, మూలలో రయన్ క్రాటీ చేత ట్రై చేయించారు. 22-22. ట్రై తర్వాత గోల్ స్తంభాల మధ్య నుంచి కొట్టే కన్వర్షన్ కిక్ ఆరన్ క్రూడెన్ కొడితే బయటికి పోయింది. కానీ ఐర్లాండ్ వాళ్లు టెన్షన్‌లో ముందే పరుగెత్తుకొచ్చారని మళ్లీ కొట్టమన్నారు. ఈసారి పడింది. 24-22. పద్నాలుగుకు పద్నాలుగు. ఓడిపోయేటప్పుడు కూడా ఒక్కడూ కంగారుపడి బంతి విసిరేయలేదు చూశావా, ఆ నిదానమే నాకు గొప్పతనం.

ఇదే జట్టు ఆడిన 2015 కప్పు ఫైనల్లో డాన్ కార్టర్ 19 పాయింట్లు చేశాడు. ఎడమకాలి ఆటగాడు, చివరి కన్వర్షన్ కుడికాలితో కొట్టాడు.

ఇక మీ టీ రూమ్‌లో దక్షిణాఫ్రికా నుంచి వచ్చినవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లు 2023 అంటారు. వాళ్ల మాటా బలమైనదే. క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్‌ను 29-28తో, సెమీస్‌లో ఇంగ్లండ్‌ను 16-15తో, ఫైనల్లో న్యూజిలాండ్‌ను 12-11తో గెలిచారు. మూడూ ఒక్క పాయింట్ తేడాతోనే. ఆ ఫైనల్ మాకు ఆదివారం ఉదయం 8 గంటలకు మొదలైంది. ఇడ్లీలు ప్లేట్లలో చల్లారిపోయాయి. న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్‌కు రెడ్ కార్డ్, అంటే ఇక ఆటకు రాలేడు; అవతలి కెప్టెన్ సియా కోలిసీకి ఎల్లో కార్డుతో సరి, అంటే కాసేపు బయట కూర్చుంటే చాలు. ఆ తేడా ఇక్కడివాళ్లకు ఇంకా మింగుడుపడలేదు, నువ్వు కదపకు. గుండె ధైర్యంలో ఆ జట్టుకు సాటి లేదని ఒప్పుకుంటాను. కానీ అవతలివాణ్ని ఊపిరి తీసుకోనివ్వని ఆట 2015 జట్టుదే. అప్పటి క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ మీద 62-13. 2007లో ఓడిపోయిన అదే కార్డిఫ్ మైదానంలో!

ఇంగ్లండ్ వాళ్లు 2003 అంటారు, వేల్స్ వాళ్లు గారెత్ ఎడ్వర్డ్స్ ఆడిన 1970ల జట్టు అంటారు. విను, కాదనకు.

వయసు మళ్లిన మావోరీ (ఇక్కడి మూలవాసి) సహోద్యోగి ఉంటే 1924 ఆల్ బ్లాక్స్ పేరు ఎత్తవచ్చు. బ్రిటన్, ఐర్లాండ్, ఫ్రాన్స్, కెనడాల్లో ఆడిన 32 మ్యాచ్‌లూ గెలిచిన జట్టది. అందరికన్నా వెనక నిలబడే ఫుల్‌బ్యాక్ జార్జ్ నేపియా, 19 ఏళ్ల మావోరీ కుర్రాడు. అంతటి ఆటగాణ్ని 1928లో దక్షిణాఫ్రికాకు తీసుకెళ్లలేదు. అక్కడి తెల్లవాళ్ల పట్టింపు వల్ల మావోరీలను పక్కనపెట్టారు. పాత జట్లను పోల్చేటప్పుడు నేను దీన్ని మరిచిపోలేను. ఎవరిని ఆడనివ్వలేదో చూడకుండా గొప్పతనం ఎలా తూస్తాం?

హామిల్టన్‌లో ఉన్నావు కాబట్టి ఇంకొకటి. 1981 జూలై 25న మీ ఊళ్లోనే దక్షిణాఫ్రికా జట్టు మ్యాచ్ రద్దయింది. వర్ణవివక్షను వ్యతిరేకించిన వందలమంది కంచె తోసుకుని మైదానంలోకి వచ్చేశారు. ఒకే ఇంట్లో అన్న గ్యాలరీలో, చెల్లెలు మైదానం మధ్యలో అన్నట్టుండేది అప్పటి పరిస్థితి. అరవై దాటినవాళ్ల ముందు ఆ ఏడాది మాట వస్తే “మీరు ఎటువైపు?” అని అడగకు. వాళ్లే చెబుతారు, చెప్పినప్పుడు టీ చల్లారినా లేవకు.

ఈ ఆదివారం రాత్రి ఆ డబ్లిన్ మ్యాచ్ ఆఖరి ఐదు నిమిషాలు చూడు. సోమవారం “2013 డబ్లిన్ మ్యాచ్ మీరు ఎక్కడ చూశారు?” అని అడుగు.