హైస్కూల్ పిల్లలే పేద పిల్లల చదువు కోసం ప్రాజెక్టు నడపగలరా? విజయవాడలో ఎక్కడ మొదలుపెట్టాలి?

నడపగలరు. కాకపోతే నోటుపుస్తకాలు పంచి ఫొటో దిగి ఆపేయొద్దు. నేనైతే ఎన్ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్)తో, అంటే పేద పిల్లలు పరీక్ష రాసి తెచ్చుకునే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కి వాళ్లను సిద్ధం చేయడంతో మొదలుపెట్టమంటాను.

ప్రభుత్వ, మున్సిపల్, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదువుతూ, ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటని పిల్లలు ఈ పరీక్ష రాయొచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు వాళ్ల బ్యాంకు ఖాతాలోనే పడతాయి. బడి మానేసి పనికి పోదామనుకునే వయసులో ఆ డబ్బు చాలా పెద్ద ఆసరా.

ఇందులో 90 ప్రశ్నలు పాఠాల మీద, ఇంకో 90 మెంటల్ ఎబిలిటీ మీద ఉంటాయి. ఈ రెండోది మామూలుగా క్లాసులో చెప్పేది కాదు, పదో తరగతి అక్కో అన్నో సాయంత్రం కూర్చోబెట్టి 3, 6, 11, 18 తర్వాత ఏమొస్తుందో, తేడాలు 3, 5, 7 అని ఎలా పట్టుకోవాలో చూపిస్తే పిల్లలు ఇట్టే అందుకుంటారు.

అసలు చిక్కంతా కాగితాల దగ్గరే. సింగ్‌నగర్‌లోనో రాజరాజేశ్వరిపేటలోనో నాన్న ఆటో మీద, అమ్మ ఇళ్లలో పనికి వెళ్తే ఆదాయ సర్టిఫికెట్ కోసం వార్డు సచివాలయానికి తిరిగేదెవరు? ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో ఒకలా ఉంటే ఇంకో టెన్షన్. అందుకే జూలైలోనే ఒక్కో పిల్లాడి ఆధార్, బడి రికార్డు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. దరఖాస్తు బడి ద్వారానే వెళ్తుంది కాబట్టి హెడ్‌మాస్టారిని ముందే కలవండి. ఆ బడిలోనే స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లలుంటే వాళ్లకే నాయకత్వం ఇవ్వండి.