బావిలో బయటపడ్డ విగ్రహం: కలెక్టరుకు రాశారా?

ప్రశ్న: మా పొలంలో బావి తవ్విస్తుంటే కూలీలకు పన్నెండు అడుగుల లోతున ఇటుకల గది, అందులో రాతి విగ్రహం, మట్టి ప్రమిదలు కనబడ్డాయి. అక్కడ అమ్మవారు ఉన్నారని మా నాయనమ్మ చెప్పేది. విగ్రహాన్ని పాలతో కడిగి, ప్రమిదలు తోమి, నలభై రోజులుగా ఇంట్లో పూజిస్తున్నాం. అన్న వాటా అంటున్నాడు. ఈలోగా ప్రతిష్ఠ చేసేస్తే ఎవరూ కదపలేరని పెద్దలు అంటున్నారు. విగ్రహం ఎవరిది?

జవాబు: అన్నతో తగువు తర్వాత. కేసు తేలేది ఒక్క విషయం మీద: కలెక్టరుకు రాతపూర్వకంగా తెలిపారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు.

1878 నాటి నిక్షేప నిధుల చట్టం 4వ సెక్షన్ ప్రకారం, పది రూపాయల విలువ దాటినదేదైనా భూమిలో దొరికితే ఏం దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అన్నది వీలైనంత త్వరగా తెలపాలి. వస్తువును ఖజానాలో ఉంచాలి, లేదా పూచీకత్తు ఇవ్వాలి. తెలపకపోతే కనుగొన్నవారి వాటా ప్రభుత్వానికి పోతుంది, ఏడాది దాకా జైలు పడవచ్చు. పైగా ఇక్కడ ‘కనుగొన్నవారు’ గునపం పట్టిన కూలీలే కావచ్చు. సొంతదారు తేలని నిధిలో, వేరే ఒప్పందం లేకుంటే, వారికి ముప్పావు, భూమి యజమానికి పావు. దాచడానికి సాయపడిన యజమానికి ఆరు నెలల దాకా శిక్ష.

ప్రమిదలు తోమడం క్షమించరాని అజాగ్రత్త. ఆ మసిలో, నూనె జిడ్డులోనే అక్కడ ఎవరు, ఎలా పూజించారో తెలిసేది. తిరుపతి దగ్గరి గుడిమల్లం పాత శివాలయంలో 1973లో పురావస్తు శాఖ తవ్వబట్టే లింగం మొదట ఆరుబయట రాతి కంచె నడుమ ఉండేదని తేలింది. పొరలు కదిలిపోయి ఉంటే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ప్రతిష్ఠ జోలికి వెళ్లకండి. తెలిసే దాచారనడానికి ప్రతిష్ఠ ఫొటోలే మీ మీద సాక్ష్యమవుతాయి. పాత తేదీ వేసి అర్జీ పుట్టించారో, ఫోర్జరీ కేసు కూడా పడవచ్చు.

ఈరోజే అసలు తేదీతో, ఆలస్యానికి నిజమైన కారణంతో కలెక్టరుకు రాయండి. రసీదుతో స్పీడు పోస్టు చేసి, నకలు రాష్ట్ర పురావస్తు శాఖకు పంపండి. గదిలోకి ఎవరినీ దించకండి, పూడ్చకండి, వాన పడకుండా పైన కప్పు వేయండి. కూలీల పేర్లు రాసుకోండి. తవ్విన రోజు ఫోనులో తీసినవి ఏవైనా ఉంటే చెరపకండి. కలెక్టరు ప్రకటన ఇచ్చాక నాలుగు నుంచి ఆరు నెలల మధ్య విచారణ తేదీ పడుతుంది. మీరూ అన్నా ఆ రోజు స్వయంగానో, ప్రతినిధి ద్వారానో హాజరు కావాల్సిందే, లేకుంటే హక్కు పోతుంది.

పూజ హక్కు వేరే అర్జీతో అడగండి. అక్కడ ఆరాధన నడుస్తూ వచ్చిందని చూపాలి. నాయనమ్మ మాట ఒక్కటే చాలదు, పాత రికార్డుల్లో ఆ స్థలం పేరేమని ఉందో వెతికించండి.