బైర్లూటికి బయల్దేరే ముందు

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పిల్లలతో నల్లమలలో ఒక రాత్రి ఉందామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. బైర్లూటి క్యాంపే బుక్ చెయ్యి. పక్కనే చెంచుగూడెం, చుట్టూ అడవి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఉండదు. జంతువులు బాగా కనబడేది ఏప్రిల్ ఎండల్లోనే. ఆకు రాలిపోయి చూపు దూరం సాగుతుంది, వాగులెండి దుప్పులూ కణుతులూ (అదే, సాంబార్లు) నీటిగుంటల దగ్గరికి చేరతాయి. కానీ చిన్నదానికి ఇంకా నాలుగేళ్లే కదా, ఆ వేడికి వాడిపోతుంది. ఈసారికి ఫిబ్రవరిలో వెళ్లు, స్వెట్టర్లు మరిచిపోకు.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం మీదుగా వెళ్లేట్టయితే తెల్లవారకముందే బయల్దేరు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తే పొద్దున 6కే తీస్తారు. మల్లన్న దర్శనం క్యూలో ఆలస్యమైందంటే గేటు దగ్గర ఎవరూ వినరు.

ఇక పులి సంగతి. దేశంలో పులుల అభయారణ్యాలన్నిటిలోకీ పెద్దది నాగార్జునసాగర్-శ్రీశైలం. అంత అడవిలో అది నీ జీపు ముందుకే రావాలని లేదు. పదిసార్లకు పైగా తిరిగిన నాకు కనబడింది ఒక్కసారి, అదీ తోక! పిల్లలకు పులిని చూపిస్తానని మాటివ్వకు, వచ్చేటప్పుడు దారంతా ఏడుపే. వాళ్లకు వినడం నేర్పు. గైడుగా చెంచువాళ్లెవరైనా దొరికితే నీ అదృష్టం. ఆయన చెయ్యెత్తగానే ఇంజిన్ ఆపించి, ఊపిరి బిగబట్టి కూర్చోండి. చెట్టు మీద కొండముచ్చు ఉన్నట్టుండి ఖక్ ఖక్‌మని అరిచినా, కణితి ఒక్కసారి గట్టిగా కూసినా, దగ్గర్లో చిరుతో పులో కదులుతోందన్నమాట. దారి పక్క ఇసుకలో అడుగుజాడ అంచు చెదరకుండా ఉంటే, అది వెళ్లి ఎంతోసేపు కాలేదు. నన్నడిగితే తోక కన్నా అదే బాగుంది.

తిండి ఏదీ గుడారంలో పెట్టుకోవద్దు. ఓసారి బిస్కెట్ ప్యాకెట్ సంచిలో వదిలేసి బయటికెళ్తే, కోతులు జిప్పు లాగి నా బీపీ మాత్రలతో సహా ఎత్తుకెళ్లాయి. ఆ రాత్రి మీ అత్తయ్య పెట్టిన చీవాట్ల ముందు ఎలుగుబంటి నయం.

చీకటి పడ్డాక క్యాంపు దాటొద్దు, బాత్రూమ్‌కైనా టార్చి వేసుకునే వెళ్లండి. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్లుంటాయి. ఫోన్ సిగ్నల్ నమ్మకం లేదు కాబట్టి ఎప్పుడు తిరిగొస్తారో మీ అమ్మకు ముందే చెప్పు, లేకపోతే ఆవిడ టెన్షన్ నా మీద పడుతుంది.

రాత్రి భోజనాలయ్యాక దీపాలార్పి కాసేపు బయట కూర్చోండి. మొదటి పది నిమిషాలు పిల్లలు భయంతో నీ చెయ్యి వదలరు. ఆ తర్వాత వాళ్లే నిన్ను మాట్లాడొద్దంటారు.

నా పెద్ద టార్చి అలమరలో ఉంది, వచ్చి పట్టుకెళ్లు. బ్యాటరీలు నువ్వే కొనుక్కో.

మీ మామయ్య