వరంగల్ ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కు కెనడాలో మళ్లీ శిక్షణ తప్పదా?

వరంగల్‌లో ఐటీఐ చేసి, నలభై ఏళ్లకు కెనడాలోని ఒంటారియో చేరినవారు ఎలక్ట్రీషియన్ శిక్షణ మళ్లీ మొదలుపెట్టాలా అని ఒకరు అడిగారు. అందరికీ అవసరం లేదు. అక్కడి అప్రెంటిస్‌షిప్ సుమారు 9,000 గంటలు. చాలా భాగం జీతంతో కూడిన పనే. పాత అనుభవాన్ని రుజువు చేయగలిగితే నేరుగా లైసెన్సు పరీక్ష రాసేందుకు దరఖాస్తు చేయవచ్చు. చిక్కంతా కాగితాల దగ్గరే. మన కాంట్రాక్టర్లు ఏదీ రాసివ్వరు కదా! విమానం ఎక్కకముందే హనుమకొండ, కాజీపేటల్లో తిరిగి, ఏ పని ఎంతకాలం చేశారో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

ఇక చేతి అలవాటు. ఇక్కడ నల్ల తీగ న్యూట్రల్. అక్కడ నల్లదాంట్లోనే కరెంటు, తెల్లది న్యూట్రల్. నా దృష్టిలో ఇది కొత్తవారికన్నా అనుభవజ్ఞులకే ఎక్కువ ప్రమాదం. కొత్తవారు కనీసం టెస్టర్ పెట్టి చూస్తారు.