బ్రెడ్ మెషిన్ కొంటే నిజంగా డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంట్లో నలుగురం. పిల్లల టిఫిన్ కోసం వారానికి 400 గ్రాముల గోధుమ బ్రెడ్ ప్యాకెట్లు మూడు కొంటున్నాం, ఒక్కోటి 55 రూపాయలు. పిండి కలపడం నుంచి కాల్చడం దాకా తానే చేసే బ్రెడ్ మెషిన్ 9,000 ఉంది, తొమ్మిది నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తున్నారు. డాలస్‌లో ఉన్న మా అక్క అక్కడ 70 డాలర్లకే వస్తుంది, తెస్తానంటోంది. మా అపార్ట్‌మెంట్‌లో కొందరు మాకూ చేసివ్వండి అంటున్నారు. 14 నెలలుగా నెలకు 5,000 ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) కడుతున్నాం. క్రెడిట్ కార్డు మీద 38,000 బాకీ ఉంది, స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకు 3.5 శాతం అని ఉంది, నెలనెలా 1,900 మినిమం కడుతున్నాం. మెషిన్ కొనమంటారా?

జవాబు: ముందు కార్డు సంగతి. మీ స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకు 3.5 శాతం అని రాశారు. 38,000 మీద అది 1,330, దాని మీద 18 శాతం జీఎస్టీ 239. అంటే దాదాపు 1,570. మీరు కట్టే 1,900లో అసలుకు చేరేది 330 మాత్రమే. బ్రెడ్డుకు నెలకు అయ్యే ఖర్చు 715 రూపాయలు. దాన్ని తగ్గించాలని చూస్తున్నారు, దానికి రెట్టింపు పైన వడ్డీకి పోతుంటే ఆ ప్రశ్న అడగలేదు.

ఆర్డీలో మీ డబ్బు 70,000 ఉంది. దాన్ని మూసేయండి. గడువుకు ముందు తీస్తే మామూలుగా ఒక శాతం వడ్డీ కోస్తారు. మీ లెక్కలో అది 500 రూపాయల లోపే, కార్డు ఒక్క నెల వడ్డీలో మూడోవంతు కూడా కాదు. కార్డు మొత్తం కట్టేయండి, మిగిలిన 32 వేలూ అత్యవసరానికి పక్కన పెట్టండి. ఒక్క మాట: స్టేట్‌మెంట్‌లో ఉన్న అంకె కట్టగానే పని అయిపోదు. బిల్లు తేదీ నుంచి మీరు కట్టిన రోజు వరకు వడ్డీ వచ్చే నెల స్టేట్‌మెంట్‌లో చిన్న మొత్తంగా కనిపిస్తుంది. అయిపోయిందనుకుని దాన్ని చూడకుండా వదిలేస్తే మళ్లీ లేటు ఫీజు. ఆ చిల్లర కూడా కట్టి, బాకీ సున్నా అని చూసుకున్నాక ఆర్డీ కొత్తగా మొదలుపెట్టుకోవచ్చు.

ఇక బ్రెడ్డు. ఇక్కడ చాలామంది ప్యాకెట్‌కు ప్యాకెట్ పోలుస్తారు. బరువుకు బరువు పోల్చాలి. 400 గ్రాముల పిండితో మెషిన్‌లో చేసిన బ్రెడ్డు కాలాక 620 నుంచి 640 గ్రాములు తూగుతుంది, అంటే మీ ప్యాకెట్లు ఒకటిన్నర. వారానికి రెండు చేస్తే మీ మూడు ప్యాకెట్లకు సరిపోతుంది.

ఒక బ్రెడ్డుకు 200 గ్రాములు గోధుమపిండి, 200 గ్రాములు మైదా, 270 మిల్లీలీటర్ల నీళ్లు, 15 గ్రాముల నూనె, 15 గ్రాముల చక్కెర, 7 గ్రాముల ఉప్పు, 10 గ్రాముల పాలపొడి, 4 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్. పిండి కిలో 45 చొప్పున 18 రూపాయలు, ఈస్ట్ 4, పాలపొడి 5, నూనె రెండున్నర, ఉప్పూ చక్కెరా కలిపి ఒక రూపాయి, కరెంటు 3. మొత్తం 34 లోపు. ఈస్ట్ 4 రూపాయలు అన్నది 100 గ్రాముల ప్యాకెట్ 100కు కొంటేనే. చిన్న చిన్న పొట్లాలు కొంటే అదే 4 గ్రాములకు 8 రూపాయల దాకా పడుతుంది. అలాగని అరకిలో ప్యాకెట్ కొనకండి, మీ వాడకానికి అది ఏడాది పైన వస్తుంది, విప్పాక అంతకాలం బలం నిలవదు. విప్పిన ఈస్ట్‌ను గాలి చొరబడని డబ్బాలో డీప్ ఫ్రీజర్‌లో ఉంచాలి.

కరెంటు గురించి భయం అక్కర్లేదు. పిండి కలిపేటప్పుడు మెషిన్ తక్కువే తీసుకుంటుంది, చివరి గంట కాల్చేటప్పుడే 500, 600 వాట్లు. ఒక్కో బ్రెడ్డుకు 0.4 యూనిట్ వేసుకోండి, నెలకు మూడున్నర యూనిట్లు. (తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లలో మీటరు 200 యూనిట్ల అంచున తిరుగుతుంటే మాత్రం ఆ మూడున్నర కూడా చూసుకోవాలి. 200 దాటితే బిల్లు మొత్తం కట్టాల్సిందే.)

ఇప్పుడు వారానికి 165 బదులు 68. నెలకు 420 మిగులు. మెషిన్ 9,000, గ్రాముల తూకం వేసే డిజిటల్ కాటా 500. పెట్టిన 9,500 తిరిగి రావడానికి 23 నెలలు. ఇది వారానికి రెండు బ్రెడ్లు క్రమం తప్పకుండా చేస్తేనే. ఉత్సాహం తగ్గి వారానికి ఒకటికి దిగితే 45 నెలలు. నెలకు ఒక్క బ్రెడ్డు చెడినా దాని బదులు కొనే ప్యాకెట్లతో మిగులు దాదాపు 340కి పడి, 28 నెలలవుతుంది. ఒక్కో బ్రెడ్డు మీద ఎంత మిగిలిందన్నది కాదు ముఖ్యం, నెలకు ఎన్ని చేస్తారన్నదే ఈ లెక్కను నడిపిస్తుంది. ఇంకోటి, వేడి బ్రెడ్డు ఇంట్లో ఉంటే వెన్న డబ్బా తొందరగా ఖాళీ అవుతుంది. 100 గ్రాముల వెన్న 60 రూపాయలకు అటూఇటూ ఉంది. నెలకు రెండు అదనంగా కొంటే మిగులులో పావు వంతు పైన అక్కడే పోతుంది.

బ్రెడ్లు చెడేది ఎక్కడో కూడా చెబుతాను, ఎందుకంటే చెడిన ప్రతిదీ మీ డబ్బు తిరిగొచ్చే కాలాన్ని పెంచుతుంది. మెషిన్‌తో వచ్చే పుస్తకంలోని కొలతలు చాలావరకు విదేశీ మైదా లాంటి పిండికి రాసినవి. మన గిర్నీలో పట్టించిన గోధుమపిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది, పొంగడం తక్కువ. మొత్తం గోధుమపిండితో మొదటిసారే చేస్తే ఇటుక వస్తుంది. అందుకే పైన సగం మైదా చెప్పాను. చేయి తిరిగాక మైదా తగ్గించుకుంటూ పోండి, 50 గ్రాములు తగ్గించినప్పుడల్లా ఒకటి రెండు చెంచాల నీళ్లు పెంచండి.

పాన్‌లో ముందు నీళ్లు, నూనె, ఉప్పు, చక్కెర. పైన పిండి, పాలపొడి. పిండి మధ్యలో చిన్న గుంట చేసి అందులో ఈస్ట్, ఉప్పు తగలకుండా. మెషిన్ మొదలైన పది నిమిషాలకు మూత తీసి చూడండి. ముద్ద గుండ్రంగా, నునుపుగా, గోడలకు అంటకుండా తిరగాలి. అడుగున జారుడుగా పేరుకుంటే ఒక చెంచా పిండి, పొడిగా ముక్కలై పిండి కలిపే తెడ్డు టకటక కొట్టుకుంటుంటే ఒక చెంచా నీళ్లు. ఈ ఒక్క చూపుతోనే చాలా బ్రెడ్లు బతుకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మీ ఊరి వంటింటి వేడికి పిండి త్వరగా పొంగి, కాలే లోపే నడుమ కూలిపోతుంది. అప్పుడు ఫ్రిజ్ నీళ్లు వాడండి, ఈస్ట్ 3 గ్రాములకు తగ్గించండి. బీప్ రాగానే బయటకు తీయాలి, పాన్‌లోనే వదిలితే అడుగు తడిసిపోతుంది. గంట చల్లారాకే కోయండి. ప్రిజర్వేటివ్ ఉండదు కాబట్టి బయట రెండు మూడు రోజులే, తర్వాత బూజు. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే పారేయడం ఉండదు.

కరెంటు పోయే ఇళ్లకు ఇంకో మాట. చాలా మెషిన్లు ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టేది పది, పదిహేను నిమిషాల లోపు కరెంటు వస్తేనే. అంతకు మించితే ఆ ముద్ద వృథా. కొనేముందు ఆ మోడల్‌కు ఎన్ని నిమిషాలో అడగండి.

నో కాస్ట్ ఈఎంఐ ఉచితం కాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాళ్లు ఆ మేరకు ధరలో తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద జీఎస్టీ మాత్రం మీదే. ఏడాదికి 16 శాతం అనుకుంటే తొమ్మిది నెలల వడ్డీ 572, దాని మీద జీఎస్టీ 103. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద 36. మొత్తం దాదాపు 340. పైగా ఈఎంఐ వాయిదా మొత్తం మీ కార్డు మినిమంలో కలుస్తుంది. బాకీ ఉన్న కార్డు మీద ఇది అసలే వద్దు.

అక్క తెచ్చేది మనకు కుదరదు. అక్కడి మెషిన్ 120 వోల్టులది, మన ఇళ్లలో కరెంటు 230. నేరుగా ప్లగ్ పెడితే కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే 1,000 వీఏ (వోల్ట్-ఆంపియర్) స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ రెండున్నర వేలకు అటూఇటూ. 70 డాలర్లంటే ఆరువేల పైచిలుకు, రెండూ కలిపితే ఇక్కడి ధరకు దగ్గరకొచ్చేశారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ మారుస్తుంది కానీ 60 హెర్ట్జ్‌ను 50 చేయదు, మోటారు వేగం తేడా రావచ్చు. పాడైతే ఇక్కడ వారంటీ లేదు.

పక్కిళ్లకు చేసివ్వడం వ్యాపారం కాదు. ఒక బ్రెడ్డుకు మూడు గంటలు, రోజంతా తిప్పినా నాలుగు. గృహ వినియోగపు వారంటీ వ్యాపారానికి వర్తించదు, తెడ్డు ఇరుసు ముందు అరుగుతుంది. అమ్మకానికి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు కావాలి, ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం చేస్తే కరెంటు వాళ్లతోనూ పేచీ. నిజంగా అమ్మాలనుంటే రెండు మూడు టిన్నులు పట్టే ఓటీజీ ఓవెన్ లెక్క వేరే వేసుకోవాలి.

ఇప్పుడేం చేయాలి? కార్డు సున్నా అయ్యాక నెల రోజులు మెషిన్ లేకుండానే చేసి చూడండి. మీ ఇంట్లో మైక్రోవేవ్‌కు కన్వెక్షన్ ఉంటే చాలు, లేదంటే ఓవెన్ ఉన్న చుట్టాలింట్లో. అదే కొలతలతో 12 నిమిషాలు చేత్తో కలిపి, రెట్టింపయ్యే దాకా పొంగనిచ్చి, టిన్‌లో పెట్టి మళ్లీ పొంగాక 190 డిగ్రీల దగ్గర 30, 35 నిమిషాలు. టిన్ 250, ఎనిమిది బ్రెడ్ల సరుకు దాదాపు 245. ఎనిమిదీ చేశారా, పిల్లలు తిన్నారా అన్నది వంటింటి క్యాలెండర్ మీద గీతలు పెట్టుకోండి. ఆరు దాటకపోతే కొనకండి.

దాటితే కొత్తది కాకుండా వాడినది వెతకండి. నాలుగుసార్లు వాడి అటకెక్కించిన మెషిన్లు సగం ధరకు దొరుకుతాయి. కాటాతో కలిపి 5,000 పడితే 12 నెలల్లో తిరిగొస్తుంది. కొనేముందు పాన్‌లో ఒక గ్లాసు నీళ్లు పోసి అరగంట కాగితం మీద పెట్టండి. కాగితం తడిస్తే అడుగు సీలు పోయినట్టే, వదిలేయండి. నాన్‌స్టిక్ పూత రేకులు లేచిందా, తెడ్డు ఇరుక్కోకుండా వస్తుందా చూడండి. ఆ మోడల్‌కు విడి తెడ్డు, విడి పాన్ విడిగా అమ్ముతున్నారో లేదో ఫోన్‌లో వెతికాకే డబ్బు చేతికివ్వండి.