అనుచరులా, పాఠకులా?

సందేహం: మా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ ఛానల్ ఉన్నాయి. ఎక్కువగా చూసేది దూరవిద్య విద్యార్థులే. ఫాలోయర్లను 'అనుచరులు' అని రాస్తే ఒక అధ్యాపకుడు నవ్వి, 'వినియోగదారులు' అనమన్నారు. ఏది సరి? స్క్రీన్‌షాట్ జతచేశాను. (ఒక గ్రంథాలయ ఉద్యోగి)

సమాధానం: వ్యాకరణం ప్రకారం 'అనుచరులు'లో తప్పేమీ లేదండీ, వెంట నడిచేవాళ్లని అర్థం. కానీ మన పత్రికలు ఆ మాటను ఎప్పుడో ఎమ్మెల్యేల వెంట తిరిగేవాళ్లకు రాసిచ్చేశాయి. 'అనుచరుల వీరంగం' అని చదివి చదివి, పాత ప్రశ్నపత్రాల కోసం మీ పేజీ చూసే పిల్లవాణ్ణి కూడా అదే మాటతో పిలిస్తే నవ్వు రాదా మరి!

'చర' దాకా తెచ్చారు కాబట్టి ఊరుకోలేను. చర్ అంటే కదలడం, తిరగడం. ముందు ఉపసర్గ మారితే చాలు, సంచారం, ఆచారం, విచారం... సంస్కృతంలో విచారమంటే ఆలోచన, మనం దాన్ని దిగులు చేసుకున్నాం. 'విచారణ' అని కౌంటర్ మీద బోర్డు పెడితే పోలీసులే గుర్తొస్తారు. మీకు పనికొచ్చేవి మాత్రం రెండు: ప్రచారం, ఉపచారం. 'ప్ర' ముందుకు తోస్తుంది, 'ఉప' దగ్గరికి వెళ్తుంది. షోడశోపచారాలు చూడండి, పిలవడం, కూర్చోబెట్టడం, కాళ్లకు నీళ్లివ్వడం, ఆ తర్వాతే మిగతా హంగు. మన గ్రంథాలయ పేజీల్లో చాలావరకు ఉన్నది ప్రచారం. శాలువాల ఫొటోలు, ఏప్రిల్ 23న పుస్తక దినోత్సవ శుభాకాంక్షలు, వాటి కింద 'సార్, ఇంటి నుంచి ఈ-జర్నల్స్ లాగిన్ అవ్వట్లేదు' అని ఒకడి మొర, దానికి దిక్కూ మొక్కూ ఉండదు. లాగిన్ దారి స్క్రీన్‌షాట్లతో పెట్టడం, అడిగిన అధ్యాయం కాపీరైట్ ఒప్పుకున్నంత మేరకు స్కాన్ చేసి పంపగలరో లేదో అప్పుడే చెప్పడం, రాత్రి అడిగినవాడికి పొద్దున్నే జవాబివ్వడం, ఇవీ ఉపచారాలంటే. 2020 లాక్‌డౌన్‌లో రీడింగ్ రూములకు తాళాలు పడ్డప్పుడు ఈ పని చేసినవాళ్లున్నారు, తాళాలు తీశాక ఎందుకు మానాలి?

'వినియోగదారులు' కరెంటు బిల్లు మీద బాగుంటుంది. 'చందాదారులు' చందా కట్టినవాళ్లకు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనిపించుకున్న ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అచ్చువేసిన గ్రంథాలయ సూత్రాలు అయిదు, అందులో మూడింటిలో ఉన్నవాడు పాఠకుడు. గుమ్మం తొక్కకపోయినా చదివేవాడు పాఠకుడే కాబట్టి నా ఓటు ఆ మాటకే. లెక్క చెప్పాల్సిన చోట 'ఫాలోయర్లు' అని రాసుకున్నా తగువు పెట్టుకోను. 'అనుసరించేవారు' అని కొందరు రాస్తున్నారు, నిలుస్తుందేమో చూద్దాం.

అన్నట్టు, మీ స్క్రీన్‌షాట్‌లో పేజీ పేరు 'గ్రంధాలయం' అని ఉంది. ముందు ఆ 'ధ' తీసి 'థ' పెట్టించండి.