ట్రిగ్గర్ తేలిక చేయించే ముందు ఒక్క మాట

అమ్మడూ,

నువ్వు సొంతంగా నైన్ ఎంఎం పిస్టల్ తీసుకున్నావనీ, వచ్చే పోటీకి దాంతోనే దిగుతున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషం వేసిందో. మొదటిసారి రేంజ్‌కి తీసుకెళ్తే రెండు చెవులూ మూసుకుని నా వెనక దాక్కున్న పిల్లవి నువ్వు. ఆ సంతోషంలో ఉండగానే, "ట్రిగ్గర్ మరీ గట్టిగా ఉందట అన్నయ్యా, ఎవరిచేతనో తేలిక చేయిస్తుందట" అని కూడా అంది. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు.

చాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే అర) ఖాళీగా ఉందో లేదో చూసుకో, ఇంకోసారి చూసుకో. మూతి టార్గెట్ వైపే ఉండాలి, పేల్చాలనుకునేదాకా వేలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు బయటే ఉండాలి. ఇవి నీకు తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను.

ఇక ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని లాగడానికి పెట్టాల్సిన బలం సంగతి. నీ దాంట్లాంటి స్ట్రైకర్ పిస్టళ్లకి (హ్యామర్ లేకుండా, లోపల స్ప్రింగు తోసే పిన్నే తూటాని కొట్టేవి) ట్రిగ్గర్ మామూలుగా రెండున్నర కిలోల చుట్టుపక్కల ఉంటుంది. డబుల్ యాక్షన్ పిస్టల్‌లో మొదటి తూటాకి ట్రిగ్గరే హ్యామర్‌ని (పిన్నుని కొట్టే చిన్న సుత్తి) లేపాలి కాబట్టి నాలుగున్నర కిలోల దాకా లాగాలి, తర్వాత హ్యామర్ లేచే ఉంటుంది కాబట్టి రెండు కిలోలకి దిగుతుంది. తూటాలు నింపినా పిస్టల్ మొత్తం కిలో దగ్గరే తూగుతుంది. కిలో వస్తువుని కదలకుండా పట్టుకుని దానిమీద రెండున్నర కిలోల బలం పెట్టాలి కదా, ఆ బలం తిన్నగా వెనక్కి రాకుండా కాస్త పక్కకి పోయినా మూతి తిరిగిపోతుంది. అందుకే నీకు తేలిక చేయించాలనిపించింది, అందులో తప్పేం లేదు.

కానీ నిన్ను ఇబ్బంది పెడుతున్నది బరువేనా, గరుకా? మెల్లగా లాగి చూడు. మొదట కొంచెం వదులుగా వస్తుంది, తర్వాత గోడ తగిలినట్టు ఆగుతుంది, అక్కడ ఇంకాస్త ఒత్తితే తెగుతుంది, అంటే లోపలి పట్టు వదిలేస్తుంది. ఆ దారిలో ఎక్కడైనా ఇసుకలో ఈడ్చినట్టు తగులుతోందా? అలా ఆగి ఆగి వచ్చే ట్రిగ్గర్‌తో, ఇదిగో ఇప్పుడు పేలుతుంది అని మనసు ముందే అనుకుంటుంది, వేలు గుంజేస్తుంది, గుండు కిందకి పోతుంది. నున్నగా, ప్రతిసారీ ఒకేచోట తెగే రెండున్నర కిలోల ట్రిగ్గర్ చేతిలో ఉంటే, గరుకైన ఒకటిన్నర కిలోల దాన్ని నేనైతే ముట్టుకోను.

ఇప్పుడు చెప్పేది మీ అమ్మకి కూడా తెలీదు. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీలో ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములు ఉండాలని నిబంధన. నాది రెండు కిలోలు ఉండేది. పక్కవాళ్లవి తేలిగ్గా ఉన్నాయని కడుపుమంట. ఒక రాత్రి తలుపేసుకుని పిస్టల్ విప్పి, హ్యామర్‌ని పట్టి ఉంచే సియర్‌ని సానరాయి మీద నేనే రుద్దాను. మర్నాడు తూస్తే 1100 గ్రాములు, వెన్నలో వేలు పెట్టినట్టు ఉంది, రెండు రోజులు స్కోర్లు పెరిగాయి, అందరూ మెచ్చుకుంటుంటే పొంగిపోయాను. మూడో రోజు ఐదు తూటాలు పెట్టి మొదటిది పేల్చాను. నేను నొక్కింది ఒక్కసారే అమ్మడూ, రెండు మోగాయి. మొదటి దెబ్బకి పిస్టల్ ఎగిరి ఉంది కదా, రెండోది టార్గెట్ పైనుంచి వెళ్లి కప్పు దూలంలో దిగింది. నా పక్క వరసలో ఒక కుర్రాడు తలొంచుకుని మ్యాగజైన్ నింపుకుంటున్నాడు. ఇప్పుడు నీకెంత వయసో వాడికీ అంతే.

సియర్‌కీ హ్యామర్‌కీ మధ్య పట్టు మిల్లీమీటరులో చిన్న ముక్క. ఆ కోణం నేను చెడగొట్టాను, పైనున్న గట్టి పొర కూడా అరిగిపోయింది, కిందున్న మెత్తటి లోహం తూటా తూటాకీ ఇంకా అరుగుతూ వచ్చింది, చివరికి పేలగానే వెనక్కి వెళ్లే పైభాగం, అదే స్లైడ్, తిరిగి వచ్చి కొట్టుకున్న అదురుకే హ్యామర్ జారిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ రేంజ్ ఆఫీసర్ అడిగితే పిస్టల్‌లోనే లోపం ఉందని అబద్ధం చెప్పాను. నిజం చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ కుర్రాడి వంచిన మెడ ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. నిన్ను ఆ వరసలో ఊహించుకుంటే నాకు నిద్ర రావట్లేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను, కోపం తెచ్చుకోకు.

సియర్‌ని రుద్దనివ్వకు. స్ప్రింగులు మెత్తవి వేయించినా అంతే, పిన్ను తూటా అడుగున మందు అంటించే ప్రైమర్‌ని సరిగా కొట్టదు, సరిగ్గా పోటీలో తూటా పేలదు. ఫైరింగ్ పిన్‌ని ఆపే సేఫ్టీ బ్లాక్ తీసేస్తే నున్నగా వస్తుందని ఎవరైనా అన్నారంటే, ఇంక వాళ్ల దగ్గరికి వెళ్లకు. కింద పడినా పేలకుండా చూసేది అదే. మార్చాలంటే తయారుచేసిన కంపెనీ భాగాలే, తెలిసిన గన్‌స్మిత్ చేత. మార్చాక మొదట రెండే రెండు తూటాలు పెట్టి చూడాలి. నువ్వు దిగే విభాగంలో ఎంత బరువు ఉండాలో, ఏ మార్పు ఒప్పుకుంటారో కూడా ముందే చదువుకో.

అంతకంటే ముందు శుభ్రం చేసి, నూనె వేసి, నెల రోజులు డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ లాగే సాధన) చెయ్యి. తూటాలు వేరే గదిలో ఉండాలి. రోజూ పావుగంట, మూతి దగ్గరి సైట్ (గురి చూసుకునే గుర్తు) మీద చిన్న నాణెం పెట్టి, అది పడకుండా లాగు. వేలి కొస మధ్యభాగం ట్రిగ్గర్ మీద ఉండాలి, కీలు దాకా పోనివ్వకు. తెగాక వెంటనే వదిలెయ్యకు, అలాగే పట్టుకుని సైట్ ఎక్కడుందో చూడు. రేంజ్‌లో అసలు తూటాలతో అయితే అక్కణ్నుంచి ట్రిగ్గర్ మళ్లీ సిద్ధమై టిక్కుమనే దాకా మాత్రమే వదులు. లోపల భాగాలు ఒకదానికొకటి అలవాటు పడి గరుకు చాలావరకు అదే పోతుంది, నీ వేలూ బలపడుతుంది.

నెల తర్వాత కూడా గట్టిగానే అనిపిస్తే పిస్టల్ తీసుకుని నా దగ్గరికి రా. తూకపు రాళ్లు ఉన్నాయి. బారెల్ నిలువుగా పెట్టి, ట్రిగ్గర్ మధ్యలో రాయి తగిలించి, బల్ల మీంచి మెల్లగా లేపి చూద్దాం, ఎంతుందో మన కళ్లతోనే చూసి అప్పుడు మాట్లాడుకుందాం. వచ్చేటప్పుడు మ్యాగజైన్ వేరుగా, చాంబర్ ఖాళీగా తీసుకురా. ఈలోగా ఎవరి చేతికీ ఇవ్వకు.

మీ మామయ్య